ముప్పై ల్యాపుల కారు

శనివారం మధ్యాహ్నం రెండూ పదికి మా కారు ముందు చక్రంలోంచి ఇనుముతో ఇనుమును గీకుతున్న చప్పుడు వచ్చింది. 2001 అక్టోబరు. ఆపిల్ తోటకు వెళ్లి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి తిరిగి వస్తున్నాం. ఇల్లు ఇంకా గంటన్నర దూరం. రోడ్డుకు రెండు పక్కలా కోత అయిపోయిన మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేవు.

మా ఆయన ఉద్యోగమే బ్రేకులు. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ల్యాబ్‌లో, చక్రంతో తిరిగే డిస్కును పట్టి ఆపే బ్రేక్ ప్యాడ్లు ఎంత వేడికి ఎంత అరుగుతాయో పరీక్షించేవారు. సొంత కారు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయేదాకా చూసుకోనందుకు ఆయనకు సిగ్గుగా ఉన్నట్టుంది. నెమ్మదిగా నడిపారు. కొంత దూరం పోయాక రేకుల షెడ్డు ఒకటి కనిపించింది. ముందు రిపేరు షాపు. షాపు యజమానికి యాభై దాటి ఉంటాయి. ఏళ్ల తరబడి ఇంజన్ల పక్కన నిలబడడం వల్ల వినికిడి తగ్గి, గట్టిగా మాట్లాడేవాడు. చక్రం విప్పి చూసి, అలమరలోంచి ఒక డబ్బా తీశాడు.

"ఇవి వేస్తాను. చవక. బాగా పట్టుకుంటాయి."

"పట్టుకుంటాయి. కానీ డిస్కును తినేస్తాయి" అన్నారు మా ఆయన.

"నీకెలా తెలుసు?"

"పోయిన ఏడాది ల్యాబ్‌లో వాటిని కాల్చి చూసింది నేనే."

యజమాని కాసేపు మా ఆయన మొహం చూసి, డబ్బా తిరిగి అలమరలో పెట్టేశాడు. చేతులు తుడుచుకుంటూ, "నాతో రా, నీకొకటి చూపిస్తాను" అని వెనక ఉన్న రెండో షెడ్డుకు తీసుకెళ్లాడు. నేను కారులో కూర్చుని పుస్తకం చదువుకున్నాను. పేజీ మీద అక్షరాలు కనిపించనంత పొద్దు పోయాక మా ఆయన బయటికి వచ్చారు. చొక్కా చేతులకు గ్రీజు అంటి ఉంది. అంత సంతోషంగా ఆయనను నేను చూసి చాలా రోజులైంది.

వెనక షెడ్డులో ఉన్నది స్టాక్ కారు. పైకి రోడ్డు మీద తిరిగే మామూలు కారులాగే ఉంటుంది. లోపల ఒక్క సీటు, దాని చుట్టూ ఇనుప గొట్టాల పంజరం. ఇలాంటి కార్లు గుండ్రటి ట్రాక్ మీద వందల ల్యాపులు, అంటే చుట్లు, తిరుగుతాయి. ఏడాదంతా సాగే రేసుల పెద్ద సిరీస్‌లో పోటీ పడే జట్లకు భవనాలుంటాయి, పదుల కొద్దీ ఉద్యోగులుంటారు. ఈయనది దానికి ఒక మెట్టు కింద సిరీస్‌లో లైసెన్సున్న చిన్న జట్టు. యజమాని ఆయన. వెల్డింగ్ పని బావమరిదిది. యజమాని కూతురికి అప్పుడు పంతొమ్మిదేళ్లు. శుక్రవారం సాయంత్రాలు ఆ కౌంటీ ట్రాక్ మీద నడుపుతూ ఉండేది. తల్లి లేదు. రేసు రోజున టైర్లు మార్చడానికి ఆ అమ్మాయి స్నేహితులు ముగ్గురో నలుగురో వచ్చేవారు. ఆ శనివారం నుంచి వాళ్లతో మా ఆయన కూడా చేరారు. డాక్టరేట్ ఉందని తెలిశాక షెడ్డులో అందరూ ఆయనను "డాక్" అనేవారు. జీతం లేదు. ఆయన అడగలేదు.

తర్వాత పదకొండేళ్లు మా శని ఆదివారాలు అక్కడే గడిచాయి. నేను ఊళ్లో లైబ్రరీలో పనిచేసేదాన్ని. వెళ్లేటప్పుడు రెండు పుస్తకాలు పట్టుకెళ్లేదాన్ని. రేసు చప్పుడులో చదవడం అలవాటైపోయింది. జట్టు వాళ్లు రేడియోలో మాట్లాడుకునేది వినడానికి నాకొక హెడ్‌సెట్ ఇచ్చారు. పేజీ తిప్పుతూ వాళ్ల మాటలు వింటూ ఉండేదాన్ని. ఏ శబ్దానికి తలెత్తి చూడాలో, దేనికి అక్కర్లేదో కొన్నాళ్లకు తెలిసింది.

2004 నుంచి ఆ అమ్మాయే జట్టు కారు నడిపింది. గెలవలేదు. గెలుస్తామని ఎవరూ అనుకోలేదు కూడా. పద్దెనిమిదో స్థానం, ఇరవై రెండో స్థానం, ఒక్కసారి పదకొండు. యజమాని లెక్క వేరుగా ఉండేది. రేసు అయ్యాక కారు తన ఇంజనుతో తానే నడిచి ట్రక్కు ఎక్కితే అది మంచి రోజు. తాళ్లతో లాగి ఎక్కించాల్సి వస్తే చెడ్డ రోజు. ఆ నాలుగైదేళ్లలో ఎక్కువ రోజులు మంచివే. ప్రతి రేసుకూ ముందు మా ఆయన కొత్త ప్యాడ్లను ల్యాబ్‌కు తీసుకెళ్లి, పని గంటలయ్యాక ఓవెన్‌లో కాల్చి, వాటిని సిద్ధం చేసి తెచ్చేవారు. కొత్త ప్యాడ్లు ముందుగా కాలకపోతే సరిగ్గా పట్టవు. అవి మామూలు డబ్బాలోనే ఉండేవి గానీ, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు, నేను డ్రైవ్ చేసేదాన్ని.

2005 వేసవిలో మా అత్తగారు కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండనంటే ఒక రేసుకు తీసుకెళ్లాం. చెవుల్లో దూది పెట్టుకుని, ఒక గంట సేపు ఏమీ అనకుండా చూశారు. తర్వాత కొడుకును పిలిచారు.

"ఒరేయ్, ఇంత హడావుడి చేసి వీళ్లు వెళ్లేదెక్కడికి?"

"ఎక్కడికీ వెళ్లరమ్మా. బయల్దేరిన చోటికే వస్తారు."

"దానికి ఇంత తొందరెందుకు?"

మా ఆయన దాన్ని ఇంగ్లీషులో చెప్పగానే యజమాని కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "ఈవిడని టీవీలో కూర్చోబెట్టి మాట్లాడించాలి" అన్నాడు. రేసు అయ్యాక ఆ అమ్మాయి హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెమటతో ముద్దయిన జుట్టుతో మా దగ్గరికి వచ్చింది. మా అత్తగారు ఆమె చెంప నిమిరారు.

"ఈ పిల్లేనా నడిపింది? బొత్తిగా బక్కగా ఉందే. పెళ్లయిందా?"

"ఏమంటున్నారు?" అంది ఆ అమ్మాయి.

"జాగ్రత్తగా నడపమంటోంది" అన్నారు మా ఆయన.

"అంతేనా డాక్? చివర్లో ప్రశ్నలాగా వినపడింది."

ఆ తర్వాత షెడ్డులో ఎవరు దేనికి తొందరపడినా బావమరిది "బయల్దేరిన చోటికేగా" అనేవాడు.

2008లో అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. కారు మీద పేరు రాయించుకుని ఖర్చులో కొంత భరించే ఫర్నిచర్ షాపు మూసేశారు. మా ఆయనను కంపెనీ లేఆఫ్ చేసింది. వేరే కంపెనీలో అదే పని దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ అలాంటివాళ్లు ఒకరున్నారు. యజమాని షాపుకు కార్లు రావడం తగ్గింది. రిపేరు చేయించుకోకుండా నెట్టుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు.

ఒక మంగళవారం షెడ్డులో అందరూ ఉండగా యజమాని ఆ సంగతి ఎత్తాడు. అప్పటికే చాలా చిన్న జట్లు చేస్తున్న పనే అది. రేసులో మొదలుపెట్టిన ప్రతి కారుకూ, ఆఖరి స్థానంలో ఉన్నా, ఎంతో కొంత ముడుతుంది. అందుకని కారు తీసుకెళ్లి క్వాలిఫై అవుతారు. ముప్పై ల్యాపులు తిప్పి, ఏదో పాడైందని చెప్పి లోపలికి తెచ్చేస్తారు. టైర్లు ఒక్క సెట్టు చాలు. ఇంజను అరగదు. టైర్లు మార్చేవాళ్లు కూడా అక్కర్లేదు.

"ఎన్నాళ్లు?" అని కూతురు అడిగింది.

"ఈ ఏడాదికి చూద్దాం. మిగిలిన దాంతో ఏడాదికి ఒక రేసు చివరిదాకా పరుగెత్తుదాం. నిజంగా."

"ఒక్కటైనా తప్పకుండా?"

"తప్పకుండా."

ఆ అమ్మాయి అడిగింది అదొక్కటే. జట్టు చివరిదాకా అదొక్కటే అడుగుతూ వచ్చింది. గెలవాలని కాదు, స్థానం కోసం కాదు. ఆఖరి జెండా పడేటప్పుడు తాను ట్రాక్ మీద ఉండాలి.

2009లో ఆ ఒక్క రేసుకు ప్రాక్టీసులోనే ఇంజను పోయింది. మరుసటి ఏడు కుదరలేదు. 2011లో యజమానికి గుండె ఆపరేషను అయింది. మిగతా రేసులన్నీ ముప్పై ల్యాపులే. ముప్పయ్యో ల్యాపు దగ్గర రేడియోలో యజమాని "ఇంటికి రా" అనేవాడు. ఆమె వచ్చేది. సిరీస్ అధికారి వచ్చి కారణం అడిగి రాసుకుని వెళ్లేవాడు. ఆ కారణం ఎంచడం బావమరిది పని.

"పోయినసారి గేర్‌బాక్స్ అన్నాం. ఈసారి బ్రేకులందాం."

"బ్రేకులు మాత్రం వద్దు" అనేవారు మా ఆయన. "నా పరువుంటుంది కదా."

అందుకని అప్పట్నుంచి ప్రతిసారీ బ్రేకులే చెప్పేవారు. అధికారి రాసుకుంటూ మా ఆయన వైపు చూసి తల ఆడించేవాడు. అతనికీ తెలుసు. అందరికీ తెలుసు. మొదట్లో అది నవ్వుకునే విషయంగానే ఉండేది. ఒకసారి పక్క జట్టు డ్రైవరు ఆ అమ్మాయితో, "ఏం, ఇవాళ కూడా లంచ్‌కి ఇంటికేనా?" అన్నాడు. "అవును, నీకు పార్సెల్ పంపిస్తాను" అంది ఆమె. ట్రక్కు ఎక్కాక గ్లవ్స్ తీసి సీటు మీదికి విసిరింది. అప్పటికి ఆమెకు ముప్పై దగ్గర పడుతున్నాయి.

జట్టు పని పద్ధతి మెల్లగా మారిపోయింది. ముప్పై ల్యాపులకు సరిపడా సామానే ట్రక్కులోకి ఎక్కించేవారు. పెట్రోలు తక్కువ పోసేవారు. స్పేర్లు తీసుకెళ్లడం మానేశారు. బరువు తగ్గితే ట్రక్కుకు డీజిలు తగ్గుతుందని. మా ఆయన ల్యాబ్‌లో ప్యాడ్లు కాల్చడం ఆపేశారు. పాత సీజన్లలో సగం అరిగిన ప్యాడ్లు షెడ్డులో బోలెడున్నాయి. ముప్పై ల్యాపులకు అవి చాలు. నిజంగా పరుగెత్తబోయే రేసు కోసం ఆయన సిద్ధం చేసిన కొత్త సెట్టు ఒకటి అలమరలో అలాగే ఉండిపోయింది. ఏ తప్పూ లేని ఏర్పాటు అది. అనుకున్న పనికి సరిగ్గా సరిపోయేది.

2012 ఆగస్టులో ఇండియానాలో ఒక చిన్న ట్రాక్ మీద రెండు వందల ల్యాపుల రేసు. అలాంటి చిన్న ట్రాక్ మీద ప్రతి మలుపుకూ గట్టిగా బ్రేకు వేయాలి. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది. ఇరవై ల్యాపులు దాటాక ముందు వరసలో రెండు కార్లు తగులుకున్నాయి. వెనక వచ్చేవి వాటి మీద పడ్డాయి. సగానికి సగం కార్లు ఆగిపోయాయి. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ట్రాక్ శుభ్రం చేయడానికి రేసు ఆపారు. మళ్లీ వరస కట్టించేసరికి ఎప్పుడూ వెనకే ఉండే మా కారు పదకొండోది.

అక్కడ ఒక నియమం ఉంది. సగం రేసు దాటాక వాన వచ్చి ఆగిపోతే, అప్పటి స్థానాలే ఖాయం. రేసు పూర్తయినట్టే లెక్క. నేను పుస్తకం మూసి హెడ్‌సెట్ సర్దుకున్నాను.

"ఇంటికి రానా?" అంది ఆమె.

"ఆగు. ఆకాశం చూస్తున్నాను" అన్నాడు యజమాని.

"అవతలి కౌంటీలో కురుస్తోంది. ఫోన్‌లో కనిపిస్తోంది. ఇటే వస్తోంది" అన్నాడు బావమరిది.

"ఈ ప్యాడ్లు రెండు వందల ల్యాపులు ఉండవు" అన్నారు మా ఆయన.

"వంద?" అన్నాడు యజమాని.

"వంద ఉండొచ్చు."

"కొత్తవి మార్చలేమా?"

"అవి షెడ్డులో ఉన్నాయి."

పక్క జట్టు వాళ్ల ప్యాడ్లు మా కారుకు సరిపోవు, కొలత వేరు.

"నాన్నా, నన్ను ఉండనివ్వు" అంది ఆ అమ్మాయి.

"ఉండు" అన్నాడాయన.

వంద ల్యాపులు దాటాయి. మబ్బు మా నెత్తి మీదికి వచ్చింది. గాలి వీచింది. ముందు వరసలో కొందరు గొడుగులు తీశారు. చినుకు పడలేదు. మబ్బు ఉత్తరానికి జరిగిపోతున్నట్టు కిందనుంచే తెలుస్తోంది. ఆమె తొమ్మిదో స్థానానికి వచ్చింది. అంత బాగా నడపడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇక చాలు, తీసుకొచ్చేయనా?" అని యజమాని ఎవరినీ ప్రత్యేకంగా కాకుండా అడిగాడు.

"డాక్, నువ్వు చెప్పు. ఉంటాయా?" అంది ఆమె.

"పెడల్ ఎలా ఉంది?"

"గట్టిగానే ఉంది."

మా ఆయన ట్రాక్ వైపే చూస్తున్నారు. కారు ఒక చుట్టు తిరిగి మళ్లీ మా ముందు నుంచి వెళ్లింది.

"అయితే తేలిగ్గా వెయ్యి. మలుపు రాకముందే కాలు తీసెయ్యి. ఉంటాయి."

రేసు ఇంకా కొద్దిగానే మిగిలి ఉంది. హెడ్‌సెట్‌లో "లేదు, లేదు" అన్న ఆమె గొంతు వినిపించింది. అదే సమయంలో మూడో మలుపు దగ్గర కారు తిరగకుండా నేరుగా గోడకు కొట్టుకుంది. తర్వాత యజమాని గొంతు ఒక్కటే. "మాట్లాడు. అమ్మా, మాట్లాడు." చాలాసేపు అదే మాట.

ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. కుడి పాదం, చీలమండ నుజ్జయ్యాయి. ఆస్పత్రిలో మా ఆయనా యజమానీ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు.

"ఉండమన్నది నేను డాక్" అన్నాడు ఆయన.

"ఉంటాయన్నది నేను."

అంతకు మించి ఆ విషయం ఆ ఇద్దరూ మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు. ఇంటికి వస్తుంటే కారులో మా ఆయన ఒక్క మాట అన్నారు. "వాన వస్తుందనుకున్నాను." ఆ రోజు వాన పడలేదు.

రెండు రోజులకు సిరీస్ వాళ్లు ఫలితాలు మెయిల్ చేశారు. ఆగిపోయిన కార్ల పక్కన కారణం ఉంటుంది. మా కారు పక్కన బ్రేకులు అని ఉంది. అంతకుముందు నాలుగేళ్ల ఫలితాల్లో ఉన్నట్టే ఉంది. తెలియనివాళ్లు ఎవరు చూసినా ఈ రేసుకూ ఆ రేసులకూ తేడా కనిపించదు. మా ఆయన అది చూసి కంప్యూటరు మూసేశారు.

ఆ చలికాలంలో కారును, ట్రక్కును అమ్మేశారు. మా ఆయన రెండుసార్లు షెడ్డుకు వెళ్లారు. అలమరలు ఖాళీ చేయడంలో సాయం చేశారు. తర్వాత వెళ్లలేదు. వాళ్లూ రమ్మనలేదు. కోపం కాదు. కలిస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. ఆయన ఉద్యోగానికి వెళ్లేవారు, రోజూ ప్యాడ్లు కాల్చేవారు. శనివారాలు ఇంట్లో ఉండేవారు. "ఏవండీ, పోనీ ఒకసారి ఫోన్ చేయకూడదూ?" అన్నాను ఒకటి రెండుసార్లు. "చేసి ఏం చెప్పను? ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనోయ్ ఇది. ఆ ప్యాడ్లు ఉండవని నాకు తెలుసు" అన్నారు. ఆయనతో వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. చదివిన పుస్తకాలు ఎందుకూ పనికిరాలేదు. 2014 వేసవిలో క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. మరుసటి ఫిబ్రవరిలో పోయారు.

కర్మకాండ అయిపోయి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. చేతికర్ర ఉంది. మెట్ల మీద మంచు ఉంటే చెయ్యి ఇవ్వబోయాను, వద్దంది. ఇప్పుడు విడిభాగాల దుకాణంలో కౌంటర్‌లో పనిచేస్తున్నానని చెప్పింది. తండ్రి ఇప్పుడు అంత దూరం ప్రయాణం చేయలేడట. కాఫీ ఇచ్చాను. చాలాసేపు కప్పు పట్టుకుని కూర్చుంది.

"ఆ రోజు పెడల్ గట్టిగా లేదు" అంది.

నేను నా కప్పు కింద పెట్టాను.

"అంతకు ముందే మెత్తబడింది. డాక్ అడగడానికి ఇరవై ల్యాపుల ముందే. నొక్కితే లోపలికి పోతోంది. ఉన్నది ఉన్నట్టు చెబితే లోపలికి రమ్మంటారని గట్టిగానే ఉందన్నాను. డాక్ నా మాట మీద చెప్పారు."

"ఆయనకి చెప్పావా?"

"లేదు."

"ఎప్పుడూ?"

"వద్దామనుకునేదాన్ని. ముందు నడవడం వస్తే వెళ్దామనుకున్నాను. తర్వాత... ఏమో. ఆయన తన తప్పేనని అనుకుంటున్నారని నాన్న చెప్పాడు. అది తెలిశాక రావడం ఇంకా కష్టమైంది."

ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. పెడల్ మెత్తబడిందని తెలిస్తే ఆయన రప్పించేవారు. అందులో నాకు అనుమానం లేదు. పెడల్ ఎలా ఉన్నా ఆ ప్యాడ్లు చివరిదాకా ఉండవని ఆయనకు తెలుసు. అందులోనూ అనుమానం లేదు. ఇద్దరికీ ఆ రేసు పూర్తి కావాలి. ఆమెను క్షమించానని చెప్పలేదు. క్షమించాల్సింది నేనో కాదో నాకు తెలియలేదు. రెండున్నరేళ్లు ఆయన పక్క గదిలో కూర్చుని ఉన్నారు. వాళ్ల ఊరి నుంచి గంటన్నర దూరం. ఆ మాట మాత్రం రాలేదు. అది ఇప్పుడు నా దగ్గర ఉంది. దానితో చేయగలిగింది ఏమీ లేదు.

వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగింది.

"నాన్న మన కారు నంబరు వదిలేశాడు. ప్రతి శీతాకాలం సిరీస్ ఆఫీసుకు డబ్బు కట్టి నిలుపుకోవాలి కదా, ఈసారి కట్టలేదు. కావాలంటే వేరేవాళ్లు తీసుకోవచ్చు."

"ఎవరైనా అడిగారా?"

"లేదు."

కారు వెనక్కి తీసి నెమ్మదిగా వెళ్లిపోయింది. ఎడమ కాలితో నడిపేలా పెడళ్లు మార్పించుకుందని కారు దాకా తోడు వెళ్లినప్పుడు గమనించాను.

ఆ సిరీస్‌లో ఇప్పుడు ముప్పై ల్యాపులకు కారు లోపలికి తెచ్చే జట్లు లేవు. చెల్లించే పద్ధతి మార్చారు. మా కారుకున్న నంబరు నలభై ఏడు. ఆ నంబరుతో ఇప్పుడు ఎవరూ నడపడం లేదు.